ఏ ఠాణాకైనా వెళ్ళవచ్చు: లైంగిక నేరాలు – చట్టం – మనం



వార్షికోత్సవ సంచిక అనగానే హాస్టల్ జ్ఞాపకాలు, కవితలు, వార్డెన్ గారికి కృతజ్ఞతలు రాయడం మనకు అలవాటు. అవి రాసేవాళ్ళు ఈ సంచికలో చాలామందే ఉంటారు. మేము మాత్రం నలుగురిలో మాట్లాడడానికి అందరూ జంకే విషయం ఒకటి ఎత్తుకున్నాము. మా ఇంట్లో డిగ్రీ పాసైనది మేమే మొదలు. ఎఫ్.ఐ.ఆర్. అంటే ఏమిటో, ఉచిత న్యాయ సహాయం ఎవరికి ఇస్తారో అన్నం దగ్గర కూర్చోబెట్టి చెప్పే పెద్దలు మనలో చాలామందికి లేరు. ఠాణా గురించి మన పెద్దవాళ్ళు నేర్పింది ఒక్కటే, అటువైపు పోకూడదని. వాళ్ళ అనుభవం వాళ్ళచేత అలా చెప్పించింది, తప్పు పట్టలేం. కాని చట్టంలో మన కోసం ఏం రాసి ఉందో తెలియకుండా ఉండడం మనకు మంచిది కాదు. పీజీలో చేరాక చదివి తెలుసుకున్నది మీకు తెలిసిన మాటల్లో చెప్పే ప్రయత్నం చేస్తాము.

ఇది ఎవరి హద్దు?

మేడ్చల్‌లో బస్సెక్కి సికింద్రాబాద్‌లో దిగే ఒక అమ్మాయిని తీసుకుందాం. బస్సు కండ్లకోయ, కొంపల్లి, సుచిత్ర, బోయిన్‌పల్లి మీదుగా పోతుంది. ఆ దారిలో మేడ్చల్ ఠాణా హద్దు ఒకచోట అయిపోతుంది, మన పేట్ బషీరాబాద్ ఠాణా హద్దు మొదలవుతుంది, ఆ తర్వాత బోయిన్‌పల్లి వాళ్ళది. ఒకడు వెనకనుంచి ఒళ్ళు రాసుకుంటూ నిలబడ్డాడు. ఆమె జరిగింది. వాడూ జరిగాడు. ఏ స్టాపు దగ్గర మొదలైందో, ఏ స్టాపు దగ్గర వాడు దిగిపోయాడో ఆమెకు సరిగా గుర్తు లేదు. ఆమె ఏ ఠాణాకు పోవాలి?

ఏ ఠాణాకైనా పోవచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా సరే, పోలీసు స్టేషన్‌కు వచ్చి చెప్పినప్పుడు దాన్ని రాసుకోవాలి. దీన్నే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. ముందు సున్నా నంబరుతో నమోదు చేసి, తర్వాత ఏ ఠాణాది అయితే ఆ ఠాణాకు వాళ్ళే పంపుకోవాలి. కాగితం పట్టుకొని తిరగవలసింది పోలీసులు, మనం కాదు.

ఈ పద్ధతి అంతకుముందు లేదని కాదు. 2012 డిసెంబరు 16న ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తర్వాత, 2013లోనే కేంద్ర హోం శాఖ జీరో ఎఫ్.ఐ.ఆర్. రాయాలని రాష్ట్రాలకు సూచించింది. సూచన కాగితం మీద ఉంది. ఠాణా బల్ల దగ్గరకు వచ్చేసరికి ఏమైందో మన రాష్ట్రమంతా 2019లో చూసింది.

మన కండ్లకోయ దగ్గర ఎక్కే ఔటర్ రింగు రోడ్డే చుట్టూ తిరిగి శంషాబాద్ మీదుగా పోతుంది. అక్కడి తొండుపల్లి టోల్‌గేటు దగ్గర 2019 నవంబరు 27 రాత్రి ఒక యువ పశువైద్యురాలు కనిపించకుండా పోయింది. భయంగా ఉందని చెల్లెలికి ఫోను చేసింది. కాసేపటికి ఆ ఫోను ఆగిపోయింది. ఇంటివాళ్ళు ఠాణాకు పరుగెత్తితే ఇది మా పరిధి కాదన్నారు, ఇంకో ఠాణాకు పొమ్మన్నారు. మర్నాడు షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ఒక వంతెన కింద ఆమె కాలిన దేహం దొరికింది. ఫిర్యాదు నమోదులో ఆలస్యం చేసినందుకు ఒక ఎస్.ఐ.ని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్ళను సస్పెండ్ చేశారు. ఆ రాత్రి వెంటనే రాసుకొని ఉంటే ఆమె బతికి ఉండేదా అంటే ఎవరూ చెప్పలేరు. చెప్పలేకపోవడమే ఆ తల్లిదండ్రులకు మిగిలింది.

ఆమె పేరు మేము రాయడం లేదు. అత్యాచార బాధితురాలి పేరు, గుర్తుపట్టే వివరాలు అచ్చు వేయడం నేరం. వాట్సాప్‌లో ఫోటో పెట్టి కొవ్వొత్తి బొమ్మ వేసినా నేరమే. ఇది మన గ్రూపుల్లో ఉన్న అన్నలకు కూడా చెప్పండి.

ఆ కేసులో నలుగురు నిందితులనూ డిసెంబరు 6న పోలీసులు ఎన్‌కౌంటర్‌లో చంపారు. ఆ రోజు మిఠాయిలు పంచుకున్నవాళ్ళున్నారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని అందులో ఉంది. దీని మీద మీలో మీకు వాదనలు రావచ్చు. మాకు తోచింది చెబుతాము. విచారణ జరగలేదు కనుక సాక్ష్యం బయటికి రాలేదు. ఆ రాత్రి ఠాణాల మధ్య ఎందుకు తిప్పారన్న ప్రశ్న కూడా జనం మరిచిపోయారు. తొందరపడి ఎవరినో ఒకరిని పట్టుకుంటే ఏమవుతుందో విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం కేసు చెబుతుంది. అక్కడ 2007 డిసెంబరులో లేడీస్ హాస్టల్లో ఒక విద్యార్థినిని చంపారు. ఒక పేద యువకుణ్ణి దోషి అన్నారు. 2017లో హైకోర్టు అతను నిర్దోషి అని చెప్పేసరికి అతని యవ్వనం జైల్లో గడిచిపోయింది. ఆ అమ్మాయి తల్లిదండ్రులకూ న్యాయం దొరకలేదు.

సరే, ఠాణాలో రాసుకోము అంటే? లైంగిక దాడుల వంటి నేరాల్లో ఫిర్యాదు నమోదు చేయని పోలీసు ఉద్యోగికి భారతీయ న్యాయ సంహిత 199వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 2 సంవత్సరాల వరకు కఠిన జైలు శిక్ష పడవచ్చు. ఆ సెక్షన్ నంబరు గుర్తు పెట్టుకోండి, ఎస్.ఐ. ముందు నెమ్మదిగా అడగవచ్చు. అప్పటికీ వినకపోతే విషయమంతా రాసి పోస్టులో పై అధికారికి పంపాలి. జిల్లాల్లో అయితే ఎస్.పి.కి, మనది కమిషనరేట్ ప్రాంతం కనుక డి.సి.పి.కి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పోస్టు రశీదు పారేయవద్దు.

ఏవేవి నేరాలు?

పేపర్లలో ‘ఈవ్ టీజింగ్’ అని రాస్తారు. ఆ మాట వింటే ఏదో సరదా ఆట అనిపిస్తుంది. చట్టంలో ఆ మాటే లేదు. చట్టం ఒక్కొక్క పనికి ఒక్కొక్క పేరు పెట్టింది. ఇష్టం లేకున్నా తాకడం, లైంగిక కోరిక తీర్చమనడం, బూతు వీడియోలు చూపించడం లైంగిక వేధింపు, 75వ సెక్షన్, 3 సంవత్సరాల దాకా శిక్ష. నోటితో అసభ్యంగా కామెంటు చేసినా అదే సెక్షన్, శిక్ష సంవత్సరం దాకా. బలప్రయోగం చేసి స్త్రీ మర్యాదకు భంగం కలిగిస్తే 74వ సెక్షన్, కనీసం సంవత్సరం, 5 సంవత్సరాల దాకా. వద్దని చెప్పినా రోజూ కాలేజీ గేటు దగ్గర నిలబడడం, వెంట నడవడం, ఫోను చేస్తూనే ఉండడం, ఇన్‌స్టాగ్రామ్‌లో ఏం చేస్తుందో కనిపెట్టి ఉండడం 78వ సెక్షన్ కింద వెంటాడడం. సినిమాల్లో దీన్నే ప్రేమ అంటారు, హీరో మూడు పాటలు పాడి గెలుస్తాడు. బయట మొదటిసారికి 3 సంవత్సరాల దాకా జైలు. స్నానాల గదిలో, బట్టలు మార్చుకొనే చోట తొంగి చూడడం, ఫోను పెట్టి తీయడం 77వ సెక్షన్. ఇష్టపడి తీయనిచ్చిన ఫోటో అయినా, ఇతరులకు పంపడానికి ఒప్పుకోకపోతే పంపినవాడు నేరస్తుడే. ‘నువ్వే కదా దిగావు’ అనే మాట చట్టం ముందు చెల్లదు.

ఇక అత్యాచారం. దీని నిర్వచనం 2013లో బాగా విస్తరించింది, ఇప్పుడు 63వ సెక్షన్‌లో ఉంది. పూర్తి సంభోగమే జరగాలని లేదు, వేలితోగాని వస్తువుతోగాని చేసినా అత్యాచారమే. కనీస శిక్ష 10 సంవత్సరాలు. అన్నిటికన్నా ముఖ్యమైనది సమ్మతి అన్న మాట. మాటతోనో సైగతోనో స్పష్టంగా, తన ఇష్టంతో ఒప్పుకుంటేనే సమ్మతి. కొట్టి తిట్టి ఎదిరించలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనడానికి వీల్లేదని చట్టంలోనే రాశారు. భయంతో కొయ్యబారిపోయిన మనిషి ఎదిరించలేదు, నిజమే. అది ఒప్పుకోవడం కాదు.

ఆ వాక్యం చట్టంలోకి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. మహారాష్ట్రలో 1972లో ఒక ఆదివాసీ బాలికపై ఠాణాలోనే అత్యాచారం జరిగింది. ఒంటిమీద గాయాలు లేవు, కేకలు వేయలేదు అంటూ 1978లో సుప్రీంకోర్టు ఆ పోలీసులను విడిచిపెట్టింది. అదే 1978 మార్చిలో మన హైదరాబాద్ నల్లకుంట ఠాణాలో రమీజాబీ అనే పేద ముస్లిం స్త్రీపై పోలీసులు అత్యాచారం చేశారని, ఆమె భర్త, రిక్షా కార్మికుడు అహ్మద్ హుస్సేన్‌ను కొట్టి చంపారని నగరం భగ్గుమంది. కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. కాని ఆ విచారణలో నడిచిన ప్రశ్నలన్నీ ఆమె నడవడిక మీదే. తర్వాత కేసు రాయచూరుకు మారింది, 1981లో పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు. (పేరు అచ్చు వేయకూడదన్న నియమం 1983లో వచ్చింది, అందుకే ఆమె పేరు అప్పటికే చరిత్రకెక్కిపోయింది.) ఈ రెండు కేసుల మీద దేశమంతా మహిళలు వీధుల్లోకి వచ్చారు కనుకనే 1983లో చట్టం మారింది. ఆ ఇద్దరూ మన ఇళ్ళలాంటి ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళే.

18 లోపు వాళ్ళకు వేరే చట్టం

మన హాస్టల్లో చాలామంది 18 దాటనివాళ్ళే. వీళ్ళకు 2012 నవంబరు 14 నుంచి పోక్సో చట్టం ఉంది. ఇందులో అమ్మాయి, అబ్బాయి అన్న తేడా లేదు. తమ్ముళ్ళారా, ఇది మీకు కూడా. ర్యాగింగ్ పేరుతో సీనియర్లు జూనియర్ల బట్టలు విప్పించడం, తాకరానిచోట తాకడం ఆట కాదు, పోక్సో కేసు అవుతుంది. ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుంచే ఉంది, అది అదనం. 18 దాటిన మగపిల్లల మీద జరిగే లైంగిక దాడికి మాత్రం కొత్త న్యాయ సంహితలో నేరుగా సెక్షన్ లేకుండా పోయింది. పాత 377ను తీసేశారు, బదులు ఏమీ పెట్టలేదు. దెబ్బలు, బెదిరింపులు, నిర్బంధం సెక్షన్ల కిందే ఫిర్యాదు ఇవ్వాలి. ఇది పెద్ద లోటు అని మా అభిప్రాయం.

పోక్సో కింద పిల్లల మాట రాసుకొనే పోలీసు యూనిఫాంలో ఉండకూడదు. వీలైనంతవరకు మహిళా ఎస్.ఐ. ఉండాలి. పిల్లలు ఎక్కడ చెప్పుకోగలిగితే అక్కడికే రావాలి, తల్లిదండ్రులుగాని, నమ్మకమున్న మనిషిగాని పక్కన ఉండాలి. రాత్రిపూట పిల్లలను ఠాణాలో ఉంచకూడదు. కోర్టులో నిందితుడు ఎదురుగా కనబడకుండా ఏర్పాటు చేయాలి.

ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. 17 ఏళ్ళ అమ్మాయి తన ఇష్టంతోనే వెళ్ళినా, చట్టం ఆ ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోదు. ఆమె వెంట ఉన్న 19 ఏళ్ళ అబ్బాయి మీద పోక్సో పడుతుంది, కనీస శిక్షే ఏళ్ళ తరబడి ఉంటుంది. కులాంతర ప్రేమల్లో అమ్మాయి తరఫువాళ్ళు దీన్ని కక్షతో వాడడం ఉంది. ఇది న్యాయమా కాదా అన్న చర్చ కోర్టుల్లోనూ సాగుతోంది. చర్చ తేలేదాకా జైల్లో ఉండేది మన పిల్లవాడే, చదువు పోయేది ఇద్దరికీ. పుట్టిన తేదీ అడగకుండా ప్రేమలో దిగవద్దని అబ్బాయిలకు గట్టిగా చెబుతున్నాము.

హాస్టల్ గోడల లోపల

మేము వార్డెన్లందరినీ అనుమానించమని చెప్పడం లేదు. అమ్మలాగా చూసుకొనే మ్యాట్రన్లు, కామాటీలు, వంటవాళ్ళు ఉన్నారు. కాని చట్టం ఒక విషయం గుర్తించింది. ఎవరి చేతిలో మన తిండి, పడక, మార్కులు ఉంటాయో వాళ్ళు చెయ్యి వేస్తే కాదనడం కష్టం. అందుకే మహిళల, పిల్లల సంస్థల సిబ్బందిగాని, టీచరుగాని చేస్తే శిక్ష పెరుగుతుంది. పోక్సో కింద విద్యాసంస్థ సిబ్బంది చేసిన తీవ్ర లైంగిక దాడికి 20 సంవత్సరాలకు తక్కువ కాకుండా శిక్ష, మరణశిక్ష దాకా ఉంది.

పిల్లల మీద నేరం జరిగిందని తెలిసి పోలీసులకు చెప్పకపోవడం కూడా నేరమే. అది ఎవరికైనా వర్తిస్తుంది, 6 నెలల దాకా జైలు. తన కింద పనిచేసేవాడు చేసిన పనిని దాచిపెట్టిన సంస్థ బాధ్యుడికి సంవత్సరం దాకా. ‘హాస్టల్ పరువు పోతుంది, మనలో మనం చూసుకుందాం’ అనేవారికి ఈ మాట వినిపించవచ్చు. ఊళ్ళో పెద్దమనుషుల పంచాయితీ, డబ్బిచ్చి రాజీ, చేసినవాడికే ఇచ్చి పెళ్ళి, ఇవేవీ చట్టం ఒప్పుకోదు.

మన పిల్లలు నోరు విప్పకపోవడానికి పోలీసు భయం ఒక్కటే కారణమని మేము అనుకోవడం లేదు. అసలు భయం ఇంకొకటి. చెబితే చదువు మాన్పించి ఇంటికి తీసుకుపోతారు, ఆర్నెల్లలో పెళ్ళి చేస్తారు. మూడు తరాల తర్వాత ఒక పిల్ల ఇంటర్ దాకా వచ్చింది, ఒక్క మాటతో అదంతా పోతుంది. తప్పు చేసినవాడు బయట తిరుగుతాడు, చెప్పిన పిల్ల సీటు ఖాళీ చేస్తుంది. ఈ సంచిక ఇంటికి తీసుకువెళ్ళి ఈ పేరా మాత్రం అమ్మకు, నాన్నకు చదివి వినిపించండి. అమ్మా, నాన్నా, బిడ్డ వచ్చి చెప్పినప్పుడు ముందు ‘చదువు ఆపను’ అనండి. మిగతావి తర్వాత మాట్లాడుకోవచ్చు.

మొదటి 24 గంటలు

దాడి జరిగితే ముందు ఆసుపత్రి. ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు అయినా పైసా తీసుకోకుండా వెంటనే ప్రథమ చికిత్స చేయాలి, ఎఫ్.ఐ.ఆర్. తెచ్చాకే చూస్తాం అనడానికి వీల్లేదు. వీలైతే స్నానం చేయకుండా, బట్టలు ఉతకకుండా వెళ్ళాలి. మార్చుకున్న బట్టలను కాగితం కవరులో పెట్టి తీసుకువెళ్ళాలి, ప్లాస్టిక్ సంచిలో తేమకు పాడవుతాయి. అయితే స్నానం చేసేశాను, ఇక లాభం లేదు అనుకోవద్దు. గర్భం రాకుండా మాత్ర, అంటువ్యాధులకు మందులు అడిగి తీసుకోవాలి, ఇవి ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. పోలీసుకు ఫిర్యాదు అందిన 24 గంటల్లో వైద్య పరీక్షకు పంపాలి, అదీ ఆమె ఒప్పుకుంటేనే. రెండు వేళ్ళ పరీక్ష చేయరాదని, చేసినవారిది దుష్ప్రవర్తన అవుతుందని 2022 అక్టోబరు 31న సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరైనా మొదలుపెడితే వద్దనండి.

ఫోనులో మెసేజీలు కోపంతో తీసేయవద్దు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి, తేదీ, నంబరు కనబడాలి. ఫోటో మార్ఫింగ్, బెదిరింపు అయితే 1930కి ఫోను చేయవచ్చు.

సాక్ష్యం సంగతి ఎందుకు ఇంతగా చెబుతున్నామంటే, 2007 ఆగస్టులో విశాఖ ఏజెన్సీలోని వాకపల్లిలో 11 మంది ఆదివాసీ స్త్రీలు గ్రేహౌండ్స్ పోలీసులపై ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో విశాఖ కోర్టు దర్యాప్తు సరిగా చేయలేదని తప్పుపడుతూ నిందితులను విడుదల చేసింది, ఆ స్త్రీలకు మాత్రం పరిహారం ఇవ్వమంది. దాదాపు 16 సంవత్సరాలు వాళ్ళు తమ మాట మీద నిలబడ్డారు. ఓడింది దర్యాప్తు.

ఆలస్యమైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఇలాంటి కేసుల్లో ఆలస్యం సహజమని, బాధితురాలి మాట నమ్మదగినదైతే అదొక్కటే శిక్షకు చాలని 1996లో గుర్మీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మనకు అదనంగా ఉన్నది

చేసినవాడు ఎస్.సి., ఎస్.టి.లకు చెందనివాడైతే 1989 అత్యాచారాల నిరోధక చట్టం కూడా చేర్చమని అడగాలి. ఫిర్యాదులో మీ కులం రాయండి, వాడికి మీ కులం తెలుసని రాయండి. చాలామంది సిగ్గుపడి వదిలేస్తారు, తర్వాత చేర్చడానికి తిరగవలసి వస్తుంది. ఈ చట్టం పడితే దర్యాప్తు డి.ఎస్.పి. స్థాయి అధికారి చేయాలి, ముందస్తు బెయిలు ఉండదు, సాక్షులకు రక్షణ, దారి ఖర్చులు ఇవ్వాలి. 2016 నిబంధనల ప్రకారం అత్యాచార కేసులో 5 లక్షల రూపాయల సహాయం ఉంది. సగం వైద్య పరీక్ష నిర్ధారణ తర్వాత, పావు వంతు చార్జిషీటు వేశాక, మిగతాది కింది కోర్టు విచారణ ముగిశాక ఇస్తారు.

కేసు నడిపేది ప్రభుత్వ న్యాయవాది, ఆయనకు మనం ఫీజు ఇవ్వనక్కరలేదు. మన తరఫున ఇంకొక వకీలు కావాలంటే 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, ఎస్.సి., ఎస్.టి.లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా ఇస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో తెల్లకాగితం మీద దరఖాస్తు పెడితే చాలు, 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. అత్యవసరానికి 112, పిల్లలకు 1098, మహిళలకు 181, కుల అత్యాచారాలకు 14566. హైదరాబాద్‌లో 2014లో మొదలైన షీ టీమ్స్‌కు వాట్సాప్‌లో కూడా చెప్పుకోవచ్చు. 2016లో మొదలైన భరోసా కేంద్రాల్లో వైద్యం, కౌన్సెలింగ్, న్యాయ సలహా ఒకేచోట దొరుకుతాయి.

ఫిర్యాదు రాయడానికి గొప్ప భాష అవసరం లేదు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏం చేశారు, ఎవరు చూశారు, వాడి పేరు తెలియకపోతే వాడి చొక్కా రంగు, బస్సు నంబరు. తెలుగులోనే రాయవచ్చు, రాయలేకపోతే నోటితో చెప్పవచ్చు, మహిళా పోలీసు అధికారి రాసుకోవాలి. రాసింది చదివి వినిపించమనండి, మీరు చెప్పని మాట ఉంటే కొట్టేయించండి. అప్పుడే సంతకం పెట్టండి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఒకటి డబ్బులు లేకుండా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. దాన్ని జెరాక్స్ తీయించి ఒకటి హాస్టల్లో కాకుండా ఇంట్లో పెట్టండి.